ఏడు నెలలకే కాలిపోయిన క్లచ్: అక్క వాళ్ళ దొడ్లో లారీ గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కేసు

మే మూడో వారంలో ఒక రాత్రి తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు. "లారీ మళ్ళీ ఆగిపోయిందిరా. క్లచ్చే. ఇంజను అరుస్తోంది గానీ బండి కదలట్లేదు" అన్నాడు. సిమెంటు బస్తాలతో జగ్గయ్యపేట నుంచి ఖమ్మం బయల్దేరిన బండి దారిలో ఒక వంతెన ఎత్తు ఎక్కలేక ఆగిపోయిందట. లోడు వేరే బండిలోకి మార్చి, ఖాళీ లారీని చిన్న గేర్లోనే మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చి దొడ్లో పెట్టారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ క్లచ్ వేసింది నేనే. అంతకు ముందు అక్టోబర్‌లో, విజయవాడ ఆటోనగర్లో, ఇంజను తిరుగుడుని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ నొక్కుని వదిలించే రిలీజ్ బేరింగ్, మూడూ కొత్తవి వేసి పంపాను. కనీసం రెండేళ్ళు రావాల్సిన ప్లేటు ఏడు నెలలకే పోయిందంటే ఎక్కడో ఏదో జరిగింది, ఆ ఏదో నా చేతిలోనే జరిగిందేమో అన్న భయం.

బండి 2013 మోడల్, ఆరు టైర్లు, అయిదు గేర్లు, ఒక రివర్స్. బావకి ఉన్నది అదొక్కటే.

మర్నాడు నేను వెళ్ళేసరికి అక్కడ అప్పటికే తీర్పు అయిపోయింది. "వాడు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతాడు, ఈ నెల బట్టాలో కోస్తాను" అని బావ. డ్రైవర్ అన్న నాకంటే పదేళ్ళు పెద్ద, ముప్ఫై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్న మనిషి, అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. "ప్లేటే డూప్లికేట్ అయి ఉంటుంది తమ్ముడూ" అని నెమ్మదిగా అన్నాడు. నా అనుమానం నా మీద. ముగ్గురం మూడు రకాలుగా అనుకుంటున్నాం, గేర్‌బాక్స్ దించి చూస్తే తప్ప ఎవరి మాటా తేలదు.

దాన్ని ఆటోనగర్ తీసుకెళ్ళాలంటే జాతీయ రహదారి 65 మీద దాదాపు 80 కిలోమీటర్లు లాక్కెళ్ళాలి, లాగే బండి కిరాయి, షెడ్డులో వారం రోజుల వరస, ఈలోగా ఫైనాన్స్ కిస్తీ. ఇంట్లోనే చేద్దాం అన్నాను. ఇది చదివి ఎవరైనా ఇంట్లో మొదలుపెడతారేమో, అందుకని ముందే చెబుతున్నా: ఈ పని నేను పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నా, అయినా ఇంటి దొడ్లో చేసేటప్పుడు షెడ్డులో లేని భయం ఉంటుంది. షెడ్డులో కింద సిమెంటు గచ్చు, పైన గర్డరు, పక్కన పిలిస్తే పలికే పది మంది ఉంటారు. ఇక్కడ మట్టి నేల, వేపచెట్టు, ఐటీఐ చదివే మేనల్లుడు. నూనె తీసేశాక కూడా లారీ గేర్‌బాక్స్ నలుగురు పట్టుకుంటే గానీ లేవని బరువు. అది జారితే దాని కింద ఉన్న చెయ్యి మళ్ళీ పానా పట్టలేదు.

దించే ముందు నిర్ధారణ. పెడల్ దగ్గర ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలుపెట్టే ముందు పెడల్ ఉత్తినే కదిలే కొద్ది దూరం, చూశాను, సరిగ్గానే ఉంది. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెజర్ ప్లేటుని కాస్త నొక్కుతూనే ఉంటుంది, క్లచ్ జారుతుంది, అలాంటప్పుడు గేర్‌బాక్స్ దించకుండానే సర్దుబాటుతో పోతుంది. తర్వాత చక్రాలకి దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగో గేర్లో కొంచెం రేస్ ఇచ్చి క్లచ్ వదిలాను. ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగలేదు, కాలిన వాసన వేసింది. ఈ పరీక్ష ఒక్కసారే చెయ్యాలి, రెండోసారి చేస్తే మిగిలిన ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనే ఇంజను చక్రం) కూడా కాల్చుకున్నట్టే.

అప్పుడు బండి కిందకి దూరి, క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న కన్నం వెతికాను. క్లచ్ గదిలోకి ఏ నూనె కారినా బయటికి కనపడాలని పెట్టిన కన్నం అది. మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి మట్టి తీయగానే ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క, తర్వాత దారంలా కారింది. వేలి మీద తీసుకుని ఎండలో చూశాను. ఇంజను ఆయిల్ అయితే డీజిల్ బండిలో బొగ్గులా నల్లగా ఉంటుంది. ఇది ముదురు తేనె రంగులో, జిగురుగా ఉంది, ముక్కు దగ్గర పెడితే గంధకం కంపు. గేరు ఆయిల్. అంటే కారుతున్నది ఇంజను వెనక సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ నూనెని ఆపే రింగు) కాదు, గేర్‌బాక్స్ ముందు సీల్. దించకముందే సగం కేసు తేలింది. డ్రైవర్ అన్న కాలుకీ ఈ నూనెకీ సంబంధం లేదు, ఆ మాట అప్పుడే బావతో అన్నాను గానీ ఆయన నమ్మినట్టు కనపడలేదు.

ఇక దించడం. లారీ ఇంకా కాస్త కదులుతుండగానే ముందు చక్రాల్ని రెండు స్లీపర్ చెక్కల మీదకి ఎక్కించేశాం. గేర్‌బాక్స్ కిందకి వచ్చాక పక్కనుంచి బయటికి లాగాలంటే ఛాసిస్ కింద ఎత్తు కావాలి, ఆ ఎత్తు ఇప్పుడే సంపాదించుకోవాలి, బండి కదలడం మానేశాక జాకీలతో లేపడం వేరే తలనొప్పి. వెనక చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టాం. చాలామంది గేర్లో ఉందిగా ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు తిరుగుడు తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి గేరుకీ చక్రాలకీ సంబంధం ఉండదు, బండిని ఆపేది బ్రేకూ దిమ్మలే. బ్యాటరీ నెగటివ్ తీసేశాం.

ఆయిల్ గోరువెచ్చగా ఉండగానే డ్రెయిన్ ప్లగ్ విప్పి కొలిచాను. అక్టోబర్‌లో నేను లెవెల్ చేసిన దానికన్నా దాదాపు రెండు లీటర్లు తక్కువ వచ్చింది. ఇంకో ఆర్నెల్లు ఇలాగే తిరిగి ఉంటే క్లచ్‌తో పోయేది కాదు, పై బేరింగులు ఎండిపోయి గేర్‌బాక్సే పోయేది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు చివర్లలో బోల్టులు పట్టే రెండు ఫ్లాంజ్‌ల మీదా, పొడుగు సర్దుకునే స్లిప్ జాయింట్ మీదా ఉలితో గుర్తులు పెట్టాను. ఈ గుర్తులు లేకుండా విప్పితే, మళ్ళీ బిగించేటప్పుడు రెండు చివర్ల యోక్‌లు (క్రాసుని పట్టుకునే చెవులు) ఒకే వరసలో రాకపోతే, బండి అరవై దాటగానే కింద నుంచి వణుకు మొదలవుతుంది. అప్పుడు వెతికేవాడు క్రాసులు మారుస్తాడు, సెంటర్ బేరింగ్ మారుస్తాడు, చక్రాలు బ్యాలెన్స్ చేయిస్తాడు, వణుకు మాత్రం పోదు. సుద్దతో గీసిన గుర్తు డీజిల్ తగిలితే పోతుంది కాబట్టి ఉలి గుర్తే మంచిది. తర్వాత గేరు లింకేజీ, స్పీడోమీటర్ వైరు, రివర్స్ లైటు స్విచ్ వైరు. పెడల్ తొక్కుడుని గొట్టంలోని నూనె ఒత్తిడితో క్లచ్‌కి అందించే స్లేవ్ సిలిండర్‌ని గొట్టం విప్పకుండానే బోల్టులు తీసి పక్కకి కట్టేశాను, గొట్టం విప్పితే తర్వాత గాలి తీసే పని అదనం.

బరువుని పట్టుకునే ఏర్పాటుకి ఒక పూట పట్టింది, ఆ పూటని నేను వృథా అనుకోను. యాంగిల్ ముక్కలు వెల్డ్ చేసి, నాలుగు బేరింగులు చక్రాలుగా పెట్టి ఒక చిన్న బండి చేయించాం. దాని మీద బాటిల్ జాకీ, జాకీ మీద గేర్‌బాక్స్ పొట్ట ఆకారానికి చెక్కిన వేప దిమ్మ, దిమ్మకీ గేర్‌బాక్స్‌కీ కలిపి గొలుసు. ఇది కాక, క్యాబిన్ వెనక ఛాసిస్ రెండు పక్కల మీద అడ్డంగా మందపాటి ఇనప పైపు వేసి, దానికి చైన్ కప్పీ తగిలించి, గేర్‌బాక్స్ తోక వైపు ఇంకో గొలుసు. జాకీ మోస్తుంది, కప్పీ కాపలా కాస్తుంది. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికే గానీ ఎత్తిన బరువుని పట్టుకుని ఉంచడానికి కాదు, లోపల రింగు ఒకటి తెగితే అది కిందకి దిగిపోవడానికి రెండు క్షణాలు చాలు. ఇంజను వెనక భాగం కింద కూడా చెక్క దిమ్మలు పేర్చాం, గేర్‌బాక్స్ వచ్చేశాక ఇంజను వెనక్కి వాలకుండా.

ఇంత చేసినా మొదటి ప్రయత్నం ఆపేయాల్సి వచ్చింది. బెల్ హౌసింగ్ చుట్టూ బోల్టులు వదులు చేసి, జాకీ మీదకి బరువు తీసుకుంటుంటే చిన్న బండి ఒక పక్కకి ఒరగడం మొదలైంది. చూస్తే ఆ వైపు నేల మెత్తగా ఉంది. అక్క అంట్లు కడిగే నీళ్ళు పారే దారి అది, పైన ఎండిన పొర ఉంది, లోపల బురద. నేను "ఆపు" అని అరిస్తే మేనల్లుడు జాకీ వదిలి బయటికి ఉరికాడు. కప్పీ గొలుసు బిగుసుకుని పట్టుకుంది. కాపలా గొలుసు ఎందుకో వాడికి నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. బోల్టులు తిరిగి బిగించి, చిన్న బండి తీసేసి, ఆ మెత్తటి మన్ను పారతో లాగేసి, కంకర పోసి, పైన రెండు స్లీపర్లు, వాటి మీద పాత మందపాటి ఇనప రేకు పరిచాం. సాయంత్రం అయిపోయింది. చీకట్లో చెయ్యకూడదని ఆ రోజుకి వదిలేశాం.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి పదింటికల్లా దించేశాం. దించేటప్పుడు ఒక్కటే సూత్రం: గేర్‌బాక్స్ తన ఇన్‌పుట్ షాఫ్ట్ (ముందుకి పొడుచుకొచ్చి క్లచ్ ప్లేటులోకి దూరే కడ్డీ) మీద ఎప్పుడూ వేలాడకూడదు. బోల్టులన్నీ తీశాక అది వెనక్కి జరుగుతుంది, షాఫ్ట్ ఇంకా క్లచ్ ప్లేటు లోపల ఉంటుంది. ఆ సమయంలో తోక కిందకి వాలితే మొత్తం బరువు ప్లేటు హబ్ మీద పడి వంగుతుంది. తీసే ప్లేటు అయితే పోనీ అనుకోవచ్చు, ఎక్కించేటప్పుడు కొత్త ప్లేటుకి అదే జరిగితే క్లచ్ తొక్కినా పూర్తిగా వదలదు, గేరు వేస్తుంటే గరగరమంటుంది, మళ్ళీ దించాల్సిందే. అందుకే పైన రెండు బోల్టుల స్థానంలో ముందే పొడుగు గైడ్ స్టడ్లు బిగించాను. పొడుగు బోల్టుల తలలు కోసి, చివర హాక్సా బ్లేడుతో గాడి పెట్టినవి. గేర్‌బాక్స్ వాటి మీద పట్టాల మీద నడిచినట్టు వెనక్కి వస్తుంది. షాఫ్ట్ పూర్తిగా బయటపడ్డాకే కిందకి దించాలి. చిన్నప్పుడు ఆటోనగర్లో కింద పడుకుని గేర్‌బాక్స్‌ని కాళ్ళ మీదా పొట్ట మీదా ఆనించుకుని దించిన మేస్త్రీల్ని చూశాను. వాళ్ళ బలం, వాళ్ళ నేర్పు నేను కాదనను. వాళ్ళలో నడుము పోయి నలభై అయిదేళ్ళకే పని మానేసినవాళ్ళనీ చూశాను.

క్లచ్ గది తెరుచుకుంది. ప్లేటు నూనెలో వేయించినట్టు నల్లగా మెరుస్తోంది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గోరు తగిలితే తెలిసే సన్నటి పగుళ్ళు. కింద ముద్దగా నల్లటి జిడ్డు. ఆ పొడిని గాలితో గానీ నోటితో గానీ ఊదకండి, పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు. తడి గుడ్డతో తుడవాలి. ఇంజను వెనక సీల్ చుట్టూ తుడిచి చూస్తే పొడిగా ఉంది. గేర్‌బాక్స్ ముందు కవరు మాత్రం లోపలి నుంచి బయటికి తడిసిపోయి ఉంది.

"ప్లేటు పెట్రోలుతో కడిగి ఎమరీ కొట్టి వేద్దాం, ఇంకా మందం ఉందిగా" అన్నాడు బావ. మందం నిజంగానే ఉంది. కానీ నూనె తాగి వేడెక్కిన ప్లేటు పైన కడిగితే శుభ్రంగా కనపడుతుంది, లోడెక్కి వేడి కాగానే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. నేను ఒప్పుకోలేదు. డబ్బు దగ్గర ఆయన బాధ నాకు తెలుసు, అయినా ఈ విషయంలో మొహమాటానికి పోతే మూడో సారి దించాలి.

ముందు కవరు విప్పి సీల్ తీసి చూశాను. పెదవి మెత్తగానే ఉంది, చిరగలేదు, ఒక పక్క కొంచెం బయటికి తిరగబడినట్టు ఉంది. షాఫ్ట్ మీద గాడి పడిందేమో అని గోరు నడిపాను, నున్నగా ఉంది. అక్టోబర్‌లో ఇదే సీల్ పొడిగా ఉంది కాబట్టి నేను ముట్టుకోలేదు, ఆ మాట నాకు బాగా గుర్తు. మరి బాగున్న సీల్ ఎందుకు కారింది? ఇక్కడ కొత్త సీల్ వేసి మూసేసి ఉంటే కేసు అయిపోయినట్టే అనిపించేది, చాలామంది అక్కడే ఆపుతారు, నేనూ ఇంతకు ముందు కొన్నిసార్లు అక్కడే ఆపాను. కానీ సీల్ తనంతట తాను తిరగబడదు, లోపలి నుంచి ఏదో తోస్తేనే అలా అవుతుంది.

గేర్‌బాక్స్ పైన బ్రీదర్ ఉంటుంది, బొటనవేలి గోరంత టోపీ, లోపలి గాలి బయటికి పోయే దారి. పైనంతా మట్టి, గ్రీజు పేరుకుని ఉండటం వల్ల అది ఎక్కడుందో మేనల్లుడికి వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. విప్పి, డీజిల్లో కడిగి, కింద నుంచి నోటితో ఊదాను. బుగ్గలు నొప్పెట్టాయి గానీ గాలి పోలేదు. టోపీ అంచు కింద సన్నటి తీగ పెట్టి తిప్పితే ఉంగరంలా నల్లటి పొర ఒకటి ఊడి వచ్చింది. అరచేతిలో వేసి గోటితో విరిచాను. మట్టి కాదు, రంగు. ఛాసిస్‌కి కొట్టే నల్ల రంగు, లోపల ఎర్రమట్టి కరుచుకుని గట్టిపడిపోయింది.

"బావా, ఛాసిస్‌కి రంగు ఎప్పుడు వేయించావు?"

"జనవరిలో. ఎఫ్‌సీకి ముందు." ఆ మాట అంటూనే ఆయన ఆగిపోయాడు.

ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. ఎఫ్‌సీకి వెళ్ళే ముందు బండి కడిగించి, కింద ఛాసిస్ అంతా స్ప్రే గన్‌తో నల్ల రంగు కొట్టించడం మన దగ్గర మామూలే. రంగు కొట్టేవాడికి గేర్‌బాక్స్ మీద ఆ టోపీ ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, చెప్పాల్సింది మనం. కడిగిన నీళ్ళు ఆరకముందే రంగు, రంగు ఆరకముందే రోడ్డు దుమ్ము, అలా టోపీ చుట్టూ మూత పడిపోయింది.

అక్కడి నుంచి లెక్క తేలికే. పొద్దున 30 డిగ్రీల దగ్గర ఉన్న గేర్‌బాక్స్ లోడుతో నడిచి 90 డిగ్రీలకి వేడెక్కితే లోపల బంధించిన గాలి పీడనం దాదాపు అయిదో వంతు పెరుగుతుంది, ఆయిల్ కూడా ఉబ్బుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నూనెని ఆపడానికి చేసింది, ఒత్తిడిని ఆపడానికి కాదు. బ్రీదర్ మూసుకుంటే ఒత్తిడికి దొరికే బలహీనమైన చోటు అదే. రోజూ కాస్త కాస్త నూనె క్లచ్ గదిలోకి, కింద కన్నం మట్టితో మూసుకుపోవడం వల్ల బయటికి ఒక్క చుక్కా కనపడలేదు, మొత్తం ప్లేటు తాగింది. జనవరి నుంచి మే దాకా నాలుగు నెలలు.

బావ ఆ రంగు ముక్కని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అరుగు దగ్గరికి వెళ్ళి "నీ కాలు తప్పేం లేదయ్యా, నేనే తొందరపడ్డాను" అన్నాడు. డ్రైవర్ అన్న ఏమీ అనలేదు, లేచి వచ్చి గేర్‌బాక్స్ కడగడానికి డీజిల్ డబ్బా అందుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ పనిలో నాకు తృప్తినిచ్చిన క్షణాల్లో అదొకటి. క్లచ్ పోతే మొదటి వేలు డ్రైవర్ మీదకే వెళుతుంది, చాలాసార్లు నిజమే కావచ్చు కూడా, కానీ ప్లేటు చేతిలోకి వచ్చి, దాని మీద నూనె ఎక్కడిదో తేలకముందే ఒకడి బట్టా కొయ్యడం అన్యాయం.

ఫ్లైవీల్ జగ్గయ్యపేటలో లేత్ షాపుకి పంపి పలచగా ఫేసింగ్ చేయించాం, అంటే రాపిడి ముఖాన్ని చదునుగా కోయించాం. మాది చదును రకం కాబట్టి ఇబ్బంది లేదు, గుంట రకం అయితే రాపిడి ముఖం ఎంత తీస్తే ప్రెజర్ ప్లేటు కూర్చునే అంచు కూడా అంతే తీయాలి, లేకపోతే ఒత్తిడి తగ్గి మళ్ళీ జారుతుంది. ప్రెజర్ ప్లేటు మీద స్టీల్ స్కేలు అడ్డం పెట్టి ఫీలర్ గేజ్‌తో చూశాను, వంపు లేదు, అదే ఉంచాను. ఇన్‌పుట్ షాఫ్ట్ కొసని పట్టే పైలట్ బేరింగ్ చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టుంది, కొత్తది వేశాను. బేరింగ్ ఖరీదు ఎంత, దాని కోసం మళ్ళీ గేర్‌బాక్స్ దించే ఖర్చెంత, ఇందులో ఆలోచించడానికేం లేదు.

ముందు కవరు పాకింగ్ గురించి ఒక మాట. చాలా గేర్‌బాక్సుల్లో ఆ కవరులో నూనె వెనక్కి పోయే చిన్న దారి ఉంటుంది, పాకింగ్ తిప్పి వేస్తే ఆ దారి మూసుకుపోతుంది, కొత్త సీల్ కూడా వారంలో కారుతుంది. పాకింగ్ పేస్టు దండిగా పూసినా అదే జరుగుతుంది. పాకింగ్ మందం కూడా పాతదాని అంతే ఉండాలి, కొన్ని రకాల్లో షాఫ్ట్ బేరింగ్ ఆట దాని మీదే ఆధారపడుతుంది. మేనల్లుడి చేత ఆ కన్నం లోంచి తీగ పెట్టించి, అవతలికి వచ్చిందని చూపించాకే బోల్టులు బిగించనిచ్చాను.

కొత్త ప్లేటుని "ఫ్లైవీల్ వైపు" అన్న గుర్తు చూసుకుని పెట్టి, తుక్కులో కొన్న పాత ఇన్‌పుట్ షాఫ్ట్‌ని డమ్మీగా దూర్చి మధ్యకి తెచ్చాను. ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున. 10 ఎంఎం, 8.8 గ్రేడు బోల్టుకి 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క, టార్క్ రించ్ నా దగ్గరుంది, మీ బండికి మాన్యువల్ ఏం చెబితే అదే పాటించండి. షాఫ్ట్ మీద పళ్ళలా ఉండే స్ప్లైన్ల మీద గ్రీజు వేలి కొసకి అంటినంత చాలు, ఎక్కువైతే తిరుగుడుకి చిమ్మి కొత్త ప్లేటు మీదే పడుతుంది.

ఎక్కించేటప్పుడు అసలు టెన్షన్. గైడ్ స్టడ్ల మీదకి గేర్‌బాక్స్ వచ్చింది, లోపలికి జరిగింది, చివర్లో వేలి మందం ఖాళీ మిగిల్చి ఆగిపోయింది. టాప్ గేర్లో పెట్టి వెనక ఫ్లాంజ్ చేత్తో మెల్లగా తిప్పాం, స్ప్లైన్లు కలిశాయని తెలుస్తోంది, అయినా జరగదు. అప్పటికి మధ్యాహ్నం రెండు, అందరికీ ఆకలి, ఒళ్ళంతా చెమట. "మామయ్యా, నాలుగు బోల్టులు పెట్టి బిగిస్తే అదే వచ్చి కూర్చుంటుంది" అన్నాడు మేనల్లుడు, అనడమే కాదు పానా కూడా తీశాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. గేర్‌బాక్స్‌లని చంపేది ఈ ఒక్క పనే. బోల్టుతో లాగితే వస్తుంది, నిజమే, కానీ హౌసింగ్ చెవి విరిగిగానీ, ప్లేటు హబ్ వంగిగానీ, పైలట్ బేరింగ్ పగిలిగానీ వస్తుంది. గేర్‌బాక్స్ చేత్తో తోస్తే కూర్చోవాలి, కూర్చోలేదంటే కోణం తప్పిందని అర్థం.

స్కేలు తీసుకుని ఖాళీ కొలిచాం. పైన 14 మిల్లీమీటర్లు, కింద 9. పైన ఎక్కువుందంటే తోక కిందకి వాలి ఉంది. కప్పీ గొలుసు రెండు లింకులు లాగి తోక లేపాం, మళ్ళీ కొలిస్తే పైన 12, కింద 11. ఇంకొంచెం. రెండూ సమానం అయ్యాక ఇద్దరం చెరో పక్క చేతులేసి ఊపుతూ తోశాం, లోపల ఎక్కడో మెత్తగా టక్ అంది, హౌసింగ్ రెండు ముఖాలూ గాలి కూడా దూరనంతగా కలిసిపోయాయి. అప్పుడు బోల్టులు, అవి కూడా ముందు వేళ్ళతోనే సగం దాకా, తర్వాత ఎదురెదురుగా. మేనల్లుడు పానా కింద పెట్టి ఆ అతుకు మీద గోరు నడిపి చూసుకున్నాడు.

మిగతాదంతా విప్పిన వరసకి తిరగేత. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉలి గుర్తులు కలిపి, కొత్త లాక్ నట్లతో. ఆయిల్ 80డబ్ల్యూ-90, జీఎల్-4 రకం, లెవెల్ ప్లగ్ అంచు నుంచి కారేదాకా. జీఎల్-5 చౌకగా దొరుకుతోందని గేర్‌బాక్స్‌లో పోసేవాళ్ళున్నారు, దానిలో ఉండే రసాయనాలు సింక్రో రింగుల (గేర్లు చప్పుడు లేకుండా కలవడానికి ఉండేవి) ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది, అది డిఫరెన్షియల్‌కి. డబ్బా మీద సంఖ్య చదవండి. తీసిన నూనెని పాత డబ్బాల్లో పట్టి పెట్టాం, దొడ్లో పారబోస్తే ఆ నేల మీద ఏళ్ళ తరబడి గడ్డి కూడా మొలవదు.

బ్రీదర్‌ని పాత చోట పాతలాగే బిగించడం నాకు నచ్చలేదు. లేత్ షాపులో చిన్న నిపుల్ చేయించి, దానికి నైలాన్ ఎయిర్ పైపు తగిలించి, ఛాసిస్ పై అంచు దాకా తెచ్చి, చివర కిందకి వంచి కట్టాను. ఇప్పుడు నీళ్ళు పోసినా రంగు కొట్టినా కంటికి కనపడే చోట ఉంది. బెల్ హౌసింగ్ కింద కన్నంలో కాటర్ పిన్ను ఒకటి వదులుగా వేలాడదీశాను, బండి కదులుతుంటే అది ఊగి మట్టి పేరుకోనివ్వదు.

మూడో రోజు సాయంత్రం స్టార్ట్ చేశాం. క్లచ్ తొక్కి రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడింది. నాలుగో గేరు పరీక్షలో ఇంజను ఠక్కున ఆగింది. మొదటి 500 కిలోమీటర్లు సగం లోడుతోనే తిప్పమని, కొత్త ప్లేటు సర్దుకోవడానికి ఆ మాత్రం టైము కావాలని చెప్పాను. బావ ఒప్పుకున్నాడు, కిస్తీ దగ్గరపడుతున్నా సరే.

వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి, వానాకాలం మధ్యలో మూడు వేలు దాటాక ఇంకోసారి వెళ్ళి చూశాను. కాటర్ పిన్ను పొడిగా ఉంది, లెవెల్ ప్లగ్ విప్పితే ఆయిల్ అంచు దాకానే ఉంది. రెండోసారి నేను బండి కిందకి దూరబోతుంటే డ్రైవర్ అన్న ఆపి, బ్రీదర్ పైపు చివర నోట్లో పెట్టుకుని ఊది చూపించాడు. ప్రతి ఆదివారం గ్రీజు కొట్టేటప్పుడు ఇది కూడా చూస్తున్నానన్నాడు. ఈసారి ఎఫ్‌సీకి రంగు కొట్టించేటప్పుడు ఆ పైపు చివరకి కట్టడానికి ఒక ప్లాస్టిక్ కవరూ, రబ్బరు బ్యాండూ క్యాబిన్లో సీటు కింద పెట్టుకున్నాడు.